సబ్సిడీ వరుస కొట్టెయ్యి, అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

కారం, పసుపు ఆడించే యూనిట్ కోసం నువ్వు పంపిన లెక్కలు రెండుసార్లు చదివాను. మిషన్లు, కరెంటు, కూలీలు అన్నీ బాగానే వేశావు. కానీ మొదటి ఏడాది రాబడి కింద 'సబ్సిడీ, జీఎస్టీ వాపసు' అని రాశావే, ఆ వరుస కొట్టెయ్యి.

2014లో తెలంగాణలో టి-ఐడియా అనే పరిశ్రమల ప్రోత్సాహక పథకం వచ్చినప్పుడు నేనూ నీలాగే మురిసిపోయాను. చిన్న పరిశ్రమకు పెట్టుబడిలో 15 శాతం, 20 లక్షలకు మించకుండా. కరెంటుకు యూనిట్‌కి రూపాయి వాపసు. రాష్ట్రానికి కట్టిన పన్ను ఐదేళ్లపాటు పూర్తిగా వెనక్కి. వినడానికి పండగే. అయితే వెనక్కి రావాలంటే ముందు మనం కట్టాలి కదా! ఆ తర్వాత దరఖాస్తు, తనిఖీ, కమిటీ, మంజూరు. మంజూరయ్యాక కూడా నిధులు విడుదలయ్యేదాకా వరుసలో నిలబడాలి. నా మంజూరు కాగితం బీరువాలో మూడేళ్లు పడుంది. ఈలోపు బ్యాంకు కిస్తీల కోసం మీ అత్తయ్య గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆ మాట ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు, నన్ను మర్చిపోనివ్వదు.

అలాగని దరఖాస్తు మానకు. ఇప్పుడు ఏ జీవో నడుస్తోందో జిల్లా పరిశ్రమల కేంద్రానికి నువ్వే వెళ్లి అడుగు, మధ్యవర్తిని పంపకు. మా రోజుల్లో ఉత్పత్తి మొదలైన ఆరు నెలల్లోపే పెట్టుబడి సబ్సిడీకి దరఖాస్తు పెట్టాలి. అందుకే మొదటి అమ్మకం బిల్లు, మొదటి కరెంటు బిల్లు, మిషన్ల బిల్లులు ఒకే ఫైల్లో పెట్టు. మిషన్ ఏదీ బిల్లు లేకుండా కొనకు. కొద్దిగా తగ్గుతుందని నేను ఒక మోటారు అలా కొన్నాను, సబ్సిడీ లెక్కలోంచి దాన్ని తీసేశారు. అమ్మాయి పేరున యూనిట్ పెడితే మహిళలకు ఇంకొంచెం ఎక్కువ ఇస్తారు. కానీ పేరుకే పెట్టకు, తనిఖీకి వచ్చినవాళ్లు ఆవిడనే ప్రశ్నలు అడుగుతారు.

చేతికి కచ్చితంగా అందేది చిన్నదే. ఆ ఏడాది ఇంటి పన్ను మొత్తం ఏప్రిల్ నెలాఖరులోపు కట్టేస్తే మున్సిపాలిటీలో 5 శాతం తగ్గిస్తారు. బకాయిలకు ఈ తగ్గింపు వర్తించదు. పైగా బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. నువ్వు చూసిన షెడ్డుకు పాత బకాయి ఉందేమో ముందు చూసుకో. పన్ను ఎవరు కట్టాలో అగ్రిమెంటులో రాయించు. ఇల్లుగా ఉన్నదాన్ని వ్యాపారానికి వాడితే పన్ను పెరుగుతుంది, ఆ పెరుగుదల ఎవరి మీద పడుతుందో కూడా రాయించు.

పారిశ్రామికవాడలో చోటు దొరికితే సంగతి వేరు. అక్కడ పన్ను మున్సిపాలిటీ వసూలు చేయదు, ఆ వాడ బాగోగులు చూసే ఐలా అనే సంస్థ వసూలు చేసి 35 శాతం స్థానిక సంస్థకు ఇస్తుంది. మిగతాది ఆ వాడ రోడ్లకీ నీళ్లకీ ఖర్చు పెట్టాలి. చోటు చూడ్డానికి వెళ్లినప్పుడు రోడ్లు ఎలా ఉన్నాయో చూసిరా, పన్ను ఎటు పోతోందో తెలుస్తుంది.

అగ్రిమెంటు మీద సంతకం పెట్టకముందే ఫొటో తీసి పంపు. ఆదివారం ఫోన్ చెయ్యి.

మీ మామయ్య