తాగినవాడు నిజమే మాట్లాడతాడా? తాగి బస్సెక్కినవాడికి బదులివ్వాలా?

రోడ్ల మీద, బస్సుల్లో తాగి వాగేవాళ్లకు బదులివ్వాలా ఊరుకోవాలా, తాగినప్పుడే మనిషి లోపలి నిజం బయటికొస్తుందంటారు నిజమేనా అని అడిగారు. రెండోదానికి ముందు చెప్పేస్తాను. కాదు. మొదటిదానికి నా దగ్గర జవాబు కంటే ఒక బస్సు కథ ఉంది.

నేను పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. చదువుతున్నాను. మర్నాడు పరీక్ష, ఆ రాత్రి ఆఖరి బస్సు, ఒళ్లో అరిస్టాటిల్ నోట్సు. నా ముందు సీట్లోంచి ఒకాయన లేచి నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. చొక్కా ఇస్త్రీ నలగలేదు, జేబులో పెన్ను, చంకలో ప్లాస్టిక్ ఫైలు. వాసన ఆ తర్వాత వచ్చింది.

"అందరూ నా మాట ఒక్కటి వినండి" అన్నాడు.

ఆ ఒక్క మాట ఎంతకీ రాలేదు. "నేను తాగాను. ఒప్పుకుంటాను. తప్పు మాట మాత్రం మాట్లాడను. ఒక్క మాట అడుగుతాను" అంటాడు. ఇంతలో డ్రైవర్ "కూర్చో పెద్దాయనా, పడతావ్" అంటే అటు తిరిగి, "నీ పని నువ్వు చూస్కోరా, నీతో కాదు నేను మాట్లాడేది" అంటాడు. ఎవరో నవ్వితే ఎందుకు నవ్వారని ఐదు నిమిషాలు. ముందు సీట్ల కుర్రాళ్లు వెనక్కి తిరిగి ఫోన్లు తీసి "స్పీచ్ ఇవ్వు అంకుల్" అంటే వాళ్లిద్దరికీ షేక్‌హ్యాండ్, చదువు గురించి రెండు ముక్కలు. మళ్లీ మొదటికి: "అయ్యా, ఒక్క మాట." పక్క సీటావిడ లేచి వెనక్కి వెళ్లిపోయింది. ఫైలు రెండుసార్లు కింద పడింది. రెండుసార్లూ ఆయనే వంగి తీసుకున్నాడు, కడ్డీ పట్టుకుని, చాలా జాగ్రత్తగా, దుమ్ము దులిపి మరీ.

నేనేం చేశాను? సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంబరపడ్డాను. ఎందుకంటే సరిగ్గా అప్పుడే నేను చదువుతున్నది పిట్టకస్ చట్టం. లెస్బోస్ ద్వీపంలోని మిటిలీనీ నగరాన్ని పాలించిన వాడు, గ్రీకుల ఏడుగురు జ్ఞానుల్లో ఒకడు. తాగి నేరం చేస్తే మామూలు నేరానికి పడే శిక్ష కంటే ఎక్కువ వెయ్యాలన్నాడు. తాగి ఉన్నాడు పాపం, ఏం చేస్తున్నాడో తెలీదు అని మనం తగ్గించే చోట ఆయన పెంచాడు. తాగకుండా ఉండటం నీ చేతిలోనే ఉంది కదా అని ఒక వాదన. తాగినవాళ్లే ఎక్కువ గొడవలు చేస్తారు కాబట్టి ఊరికి ఏది మేలో అది చూడాలని ఇంకో వాదన. రెండూ అరిస్టాటిల్ రాసి పెట్టాడు. పది మార్కుల ప్రశ్న కళ్ల ముందు నిలబడి ఊగుతోంది, ఇంకేం కావాలి! పక్కన పాయింట్లు కూడా రాసుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గర సీట్లో, కాళ్ల మధ్య సంచి పెట్టుకుని కూర్చున్న ఒక ముసలావిడ అంది: "ఇందాకట్నుంచి ఒక్క మాట ఒక్క మాట అంటున్నావు. చెప్పు నాయనా, నేను వింటాను."

ఆయన ఆగిపోయాడు. ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు. "అమ్మా, రైల్వే స్టేషన్ వచ్చిందా?"

స్టేషన్ దాటి అరగంటైంది.

బస్సంతా గొల్లుమంది. కండక్టర్‌కి కోపమొచ్చింది. "ఆ ముక్క ఇందాకే అడగొచ్చు కదయ్యా!"

"ఇందాకట్నుంచి అడుగుతూనే ఉన్నానుగా" అన్నాడాయన. అబద్ధం కాదు.

తాగినవాడు నిజం మాట్లాడతాడన్న మాట ఆ రాత్రితో నాకు పోయింది. 1990లో స్టీల్, జోసెఫ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీనికి ఒక పేరు పెట్టారు, మద్యపు హ్రస్వదృష్టి అనుకోండి. మత్తులో మనిషికి దగ్గరున్నదే కనిపిస్తుంది, అప్పటికప్పుడు తగిలిందే పెద్దదవుతుంది, దూరంగా ఉన్నవి మసకబారతాయి. ఆయనకు దూరంగా ఉన్నది స్టేషన్. దగ్గరున్నవి డ్రైవర్ గద్దింపు, వెకిలి నవ్వు, ఫోను కెమెరా. మేం విసిరిన ప్రతి మాటా ఆయన్ని స్టేషన్‌కి ఇంకో అడుగు దూరం జరిపింది. అంటే మత్తులో బయటపడేది గుండెలో దాచుకున్న నిజమేం కాదు, ఎదురుగా ఏది ఉంటే అది. మత్తు నోరు విప్పిస్తుందని అందరూ అంటారు. చెవిని మూసేస్తుందని ఎవరూ అనరు. నన్నడిగితే అసలు పని అదే.

ఇంకోటి గమనించాను. డ్రైవర్‌ని "రా" అన్నాడు. ముందు వరసలో కోటేసుకున్న పెద్దమనిషి గట్టిగా విసుక్కుంటే మాత్రం "సారీ సార్" అన్నాడు. ముసలావిడకు "అమ్మా". మత్తులో తారతమ్యాలు తెలీవంటారే, అన్నీ తెలుసు! 1969లోనే మెకాండ్రూ, ఎడ్జర్టన్ అనే పరిశోధకులు రకరకాల సమాజాల్లో తాగుడు తీరు పరిశీలించి, తాగి ఎలా ప్రవర్తించాలో మనుషులు తమ సమాజం నుంచే నేర్చుకుంటారని వాదించారు. తాగినప్పుడు కూడా ఎవరి మీద అరవచ్చో, ఎవరి మీద అరవకూడదో లెక్క చెడదు. ఇంట్లో భార్యని కొట్టి "మత్తులో ఏం చేశానో తెలీదు" అనేవాడు ఆఫీసులో పై అధికారిని ఎన్నిసార్లు కొట్టాడో అడగండి. ఈ విషయంలో నేను పూర్తిగా పిట్టకస్ పార్టీ.

మా సబ్జెక్టులో చాలామంది ఇష్టంగా చెప్పే ముచ్చట ఒకటుంది. పూర్వం పర్షియన్లు ముఖ్యమైన సంగతులు తాగి చర్చించేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. చెప్పి నవ్వుతారు, అక్కడితో ఆపేస్తారు. మిగతా సగం ఎవరూ చెప్పరు. తెల్లారాక మత్తు దిగాక ఆ ఇంటి యజమాని అదే నిర్ణయాన్ని మళ్లీ ముందు పెడతాడు. అప్పుడూ ఒప్పుకుంటేనే ఆ నిర్ణయం నిలుస్తుంది, లేదంటే పోయినట్టే. మత్తు లేకుండా తేల్చినదాన్ని తాగి మళ్లీ చూసేవారట, అది వేరే సంగతి. నాకు ఇందులో తాగుడు కంటే ఆ రెండోసారి వినడమే గొప్పగా అనిపిస్తుంది. మా సెమినార్లలో మొదటిసారి వినడానికే దిక్కులేదు. చుక్క ముట్టనివాళ్లే "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం, నన్ను పూర్తి చెయ్యనివ్వండి" అని గంట గడిపేస్తారు. టీవీ చర్చలైతే చెప్పక్కర్లేదు. ఆ అరుపులకు ఊదుడు పరీక్ష పెడితే మీటర్ సున్నా చూపిస్తుంది. అదే నా బాధ.

తాగి మాట్లాడటం ధైర్యమనీ, వ్యవస్థ మీద తిరుగుబాటనీ అనేవాళ్లు కూడా మా క్లాసులో ఉన్నారు. ఇంగ్లండ్‌లో రెండో చార్లెస్ రాజు 1675 చివర్లో ఏం మూయించాలని చూశాడో తెలుసా? కాఫీ హౌసులు. సారా కొట్లు కాదు. జనం కాఫీ తాగుతూ కూర్చుని ప్రభుత్వం గురించి మాట్లాడుకుంటున్నారని ఆయన టెన్షన్. గొడవ గొడవైపోయి, అమలు తేదీ రాకముందే ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. తెలివిలో ఉండి మాట్లాడుకునే నలుగురిని చూసి రాజు భయపడ్డాడు, అంతే. విప్లవాలు సారా కొట్లలోనూ పుట్టాయని మా రూమ్మేట్ వాదిస్తాడు. వాడితో తర్వాత తేల్చుకుంటాను.

మీ మొదటి ప్రశ్న. బదులివ్వండి, వాదించకండి. బస్సంతా కాదు, ఒక్కరు, నెమ్మదిగా, ఒక్క ప్రశ్న: "ఎక్కడ దిగాలి?" చాలాసార్లు అదే సరిపోతుంది. చెయ్యెత్తితే, ఆడవాళ్ల మీదికొస్తే, చేతిలో బండి తాళాలుంటే ఈ సలహా వర్తించదు. దూరం జరిగి పోలీసులకు ఫోన్ చెయ్యండి. వీడియో మాత్రం తియ్యకండి.

ఇది ఎందుకంటున్నానంటే, వారం తర్వాత ఆ కుర్రాళ్లు తీసింది మా హాస్టల్ గ్రూపులోకే వచ్చింది. "స్పీచ్ అంకుల్" అని పేరు పెట్టి, కింద నవ్వు బొమ్మలు. నలభై సెకన్లుంటుంది. ముసలావిడ నోరు తెరవకముందే అయిపోతుంది. ఆయన వెనక సీట్లో నేను కూడా కనిపిస్తాను, నోట్సులో పాయింట్లు రాసుకుంటూ.