ప్రణాళికలో పారే నీళ్లు

విజయనగరం

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివాను. నాగావళి పక్క ఊరు, ఎండిన మడి, నీళ్ల కోసం అన్నదమ్ముల తగవు, అన్నీ కుదిరాయి. ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ముసలి రైతు చేత 'జలవాహక నిర్మాణం' అనిపించావు. అంత మాట ఆయన నోటికి ఎలా వచ్చిందమ్మా? కాలువకి గెడ్డో వాగో అడ్డొస్తే నీటిని పైనుంచి దాటించే కట్టడాన్ని మనవాళ్లు 'అక్విడెక్టు' అనే అంటారు. ఇంగ్లీషు మాట కదా అని జంకకు, రాసేయ్.

కాకపోతే రాసే ముందు దాన్ని విప్పి చూడు. లాటిన్‌లో 'ఆక్వా' నీరు, 'డ్యూకెరే' నడిపించడం. నీటిని నడిపించుకెళ్లేది అని అర్థం. వంతెన ఊసే లేదు అందులో. రోమ్‌కి క్రీ.పూ. 312లో కట్టిన మొదటి అక్విడెక్టు దాదాపు మొత్తం నేల కిందే సాగింది. ఫొటోల్లో కనిపించే కమానులు లోయో పల్లమో అడ్డొచ్చిన చోట కట్టినవే. పంపుల్లేవు, సన్నని వాలు మీదే నీరు నడిచేది. మన రైతు పిల్లకాలువ తీసేటప్పుడు చూసుకునేదీ ఆ వాలే.

మనకీ ఇలాంటి మాట ఉంది, 'ప్రణాళిక'. ఇప్పుడు ప్రణాళిక అంటే ముందుగా వేసుకునే పథకం అనుకుంటున్నాం గానీ, సంస్కృతంలో అసలు అర్థం నీళ్లు పోయే కాలువ. శివాలయంలో అభిషేకం నీళ్లు గర్భగుడి నుంచి బయటికొచ్చే తూము ఇప్పటికీ ప్రణాళమే. గుడికి వెళ్తే ఉత్తరం గోడ దగ్గర కాసేపు నిలబడు. నీటి దారిలో రాయి ఎంత నున్నబడిందో వేలితో తడిమి చూడు.

నువ్వు 'తూము తెరిచారు' అని రాశావు. తప్పు లేదు. మా అమ్మమ్మ ఊళ్లో మాత్రం మదుము అనేవారు. మదుము ఎత్తగానే ముందు నల్లగా, కుళ్లిన ఆకులతో, బురద వాసనతో వచ్చేవి నీళ్లు. అవి తేటపడేదాకా తాత గట్టు దిగేవాడు కాదు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఆ వాసనే వస్తుంది.

మాటని మనిషి నోటి నుంచే పట్టుకోవాలి. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన భాషావేత్త గిడుగు రామమూర్తి, కొండల్లో ఉండే సవరల భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర నిఘంటువు రాసింది ఆ తర్వాతే.

ఈ ఆదివారం కాలువ మీదకి వెళ్లు. అక్కడ నీళ్లు వదిలే లస్కర్‌ని పలకరించు. తూము తలుపుని ఏమంటాడో, గోడ కారే చోటుని ఏమంటాడో రాసుకో. అప్పుడు ఆ ముసలాయన మాటలు మళ్లీ రాసి, పైకి చదువుకుని, నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు