కాటింగ్లీ దేవకన్యలు: పిల్లల పుస్తకం రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి,

నీ బొమ్మల పుస్తకం డమ్మీ, అదే నమూనా ప్రతి, చూశాను. 1917లో ఇంగ్లండులో, బ్రాడ్‌ఫర్డ్ దగ్గర కాటింగ్లీ ఊళ్లో పదహారేళ్ల ఎల్సీ, తొమ్మిదేళ్ల ఫ్రాన్సెస్ కలిసి అట్టముక్కల దేవకన్యల్ని ఫోటోలు తీసి, నిజమైనవేనని పెద్దవాళ్లని బురిడీ కొట్టించిన కథ పిల్లలకి నచ్చకపోతే ఇంకేం నచ్చుతుంది?

కానీ గుట్టంతా చివరిదాకా దాచావు. పేజీ తర్వాత పేజీలో బుల్లి దేవకన్యలు నిజంగానే ఎగురుతున్నారు, ఆఖర్న "ఇదంతా అబద్ధం" అన్నావు. అప్పుడు మోసపోయేది ఆ ఫోటోల్ని నమ్మిన రచయిత కానన్ డాయిల్ కాదు, నీ పాఠకుడు. ఏడేళ్ల పిల్లాడికి ఒళ్లు మండుతుంది.

బొమ్మల పుస్తకంలో మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకోటి చెప్పొచ్చు. మాటల్ని అమాయకంగా నమ్మనీ. బొమ్మలో మాత్రం కత్తెర, అట్టముక్కలు, దేవకన్యని నిలబెట్టిన టోపీ పిన్ను ఓ మూల కనబడనీ. చదివి వినిపిస్తున్న అమ్మ కంటే ముందు పిల్లాడే దాని మీద వేలు పెట్టాలి.

మొదలు కూడా మార్చు. ఫ్రాన్సెస్ వాగులో తడిసొచ్చి తిట్లు తింది. ఎందుకెళ్తున్నావంటే దేవకన్యల్ని చూడ్డానికంది. అక్కడ మొదలుపెట్టు, కెమెరా దగ్గర కాదు. ఇక ఎల్సీ నాన్న ఆర్థర్! కెమెరా ఆయనదే, ఫోటోల గాజు ప్లేట్లు కడిగిందీ ఆయనే. అనుమానమొచ్చి పిల్లల గది గాలించాడు, వాగు గట్టు గాలించాడు, కాగితం ముక్క దొరకలేదు. ఇంత మంచి ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. రెండు పేజీలివ్వు.

డాయిల్‌ని వెర్రిబాగులవాడిలా గీయించకు. 1918లో కొడుకు పోయాడు, మరుసటి ఏడు తమ్ముడు పోయాడు. చనిపోయినవాళ్లతో మాట్లాడొచ్చని గట్టిగా నమ్మిన మనిషి. 1920 డిసెంబరు స్ట్రాండ్ పత్రికలో ఆ ఫోటోల మీద వ్యాసం రాశాడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించినాయనే నమ్మేశాక, పల్లెటూరి పిల్లలం నోరు మూసుకోవడం తప్ప ఏం చేస్తామన్నట్టు చెప్పింది ఎల్సీ ముసలితనంలో. సరదా ఆట 1983లో ఒప్పుకునేదాకా లాగింది. ఆడిన అబద్ధాన్ని తర్వాత చెప్పలేక పడే టెన్షన్ ఏ పిల్లాడికి తెలియదు? నీ డమ్మీలో అది ఎక్కడా లేదు. దానికి బదులు సత్యమే పలకాలంటూ ఓ పేజీ పెట్టావు. చింపెయ్.

ఫోటోల్లో ఆఖరిదైన ఐదోదాన్ని ఎందుకు వదిలేశావు? ఫోటోలన్నీ ఉత్తవేనంది ఎల్సీ. ఆ ఒక్కటి మాత్రం నిజమేనని ఫ్రాన్సెస్ చనిపోయేదాకా పట్టుబట్టింది. ఇద్దరి మాటా పక్కపక్కన పెట్టి పుస్తకం ఆపెయ్, తీర్పు నువ్వు చెప్పకు. ప్రచురణకర్త గొణుగుతాడు, గొణగనీ.

బొమ్మలు వేసే అతనితో మాత్రం ముందే చెప్పు. పిన్నులు రెండు పేజీల మధ్య మడతలో పడకూడదు, బైండింగులో మాయమైపోతాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు