ఉప్పునీళ్లు తాగిన బండి

చిట్టితల్లీ,

ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులు లీజుకు తీసుకున్నావనీ, గట్ల మీద తిరగడానికి సెకండ్ హ్యాండ్ థార్, అదీ ఫోర్ వీల్ డ్రైవ్ బండి చూస్తున్నావనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంట్లో ఆడపిల్ల చెరువులు పట్టడం ఇదే మొదలు. పొద్దున్నే సెంటర్‌కి వెళ్లి కనపడ్డవాళ్లందరికీ చెప్పాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

కాగితాల సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిపోవాలి. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిపోయిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ అడుగు. హైదరాబాద్ బండైతే ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అది బేరంలోనే తేల్చుకో. టైర్లు నాలుగూ ఒకే సైజు ఉండాలి. నువ్వు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉందా, చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ ట్రబులేదో దాస్తున్నాడేమోనని అనుమానించు.

నా భయమంతా నీళ్లతోనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. అవన్నీ తుక్కుకే పోయాయంటావా? సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. లోపల బురద గీత కనపడితే ఇంకేమీ చూడకుండా వచ్చెయ్. డిఫరెన్షియల్, అదే ఇరుసు మధ్యలో ఉండే గేర్ల డబ్బా, దాని ప్లగ్గు విప్పించు. ఆయిల్ పాలు పోసిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే.

ఇది మీ నాన్న నీకు చెప్పి ఉండడు. 1996 నవంబరు తుఫానులో సముద్రపు నీళ్లలో నానిన జీపు ఒకటి చవగ్గా వస్తోందని కొన్నాడు. కొత్త టాపు, కొత్త రంగు, అడుగున దట్టంగా నల్ల పెయింటు. వద్దురా అంటే, "నువ్వు ప్రతిదానికీ వంక పెడతావన్నయ్యా" అన్నాడు. కొన్నాళ్లు బాగానే తిరిగింది. ఒకరోజు నిన్ను నర్సాపురం ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. సఖినేటిపల్లి రేవులో పంటు, అదే బండ్లని ఏరు దాటించే బల్లకట్టు, ఎక్కడానికి కిందికి దిగుతుంటే బ్రేకు పెడల్ నేలకి ఆనిపోయింది. ఎదురుగా గోదావరి. ముందు సీట్లో మీ అమ్మ, ఒళ్లో నువ్వు, నెలల పిల్లవి. వాడు స్టీరింగు విరిచి పక్కనున్న ఇసుక గుట్టకెక్కించాడు, బతికిపోయాం. నేను బండి కింద దూరి చూస్తే, బ్రేకు పైపుని ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పు వెనకాల తుప్పు తినేసింది. క్లిప్పు విప్పగానే పైపు నా వేళ్ల మధ్య పొడై రాలింది. ఇటు చూస్తే నల్ల పెయింటు నిగనిగలాడుతోంది. ఆరోజు మీ నాన్నని తిట్టినట్టు జన్మలో ఎవరినీ తిట్టలేదు. వాడు నిన్ను ఎత్తుకుని అలాగే నిలబడ్డాడు, ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

కాబట్టి అడుగున కొత్తగా నల్లరంగు కనపడితే మురిసిపోకు. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ రా. ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పట్టింది అలా పలకదు. క్లిప్పులు కూడా విప్పించు, అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీ. చెరువుల దగ్గర తిరిగే బండి గనక, కొన్నాక కూడా అడుగుభాగం మంచినీళ్లతో తరచూ కడిగించాలి.

ఫోర్ వీల్ పనిచేస్తోందో లేదో తారు రోడ్డు మీద చూడకు, గేర్ల మీద భారం పడుతుంది. ఎస్.యానం ఇసుకలోకి తీసుకెళ్లి ఫోర్ హై, ఫోర్ లో (నెమ్మదిగా, బలంగా లాగే గేరు) రెండూ వేయించు. ముందు చక్రాలు కూడా ఇసుక లాగాలి.

నేను చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు. ఆదివారం వస్తాను. టార్చి లైటు, ఒక పాత దుప్పటి ఉంచు, బండి కింద పడుకోవాలి. నా మోకాళ్ల గురించి మీ దొడ్డమ్మ ఫోన్‌లో ఏదో చెబుతుంది, వినకు. బేరం మాత్రం నువ్వే ఆడు. నాకు ఇప్పటి ధరలు తెలియవు, పైగా నీ నోటి ముందు మా అన్నదమ్ములిద్దరం ఎప్పుడూ నెగ్గింది లేదు.

మీ పెదనాన్న