కౌన్సెలింగ్ సైకాలజీ ఓరల్ కాంప్రహెన్సివ్‌కి (కమిటీ ముందు నోటితో జవాబులు చెప్పే పరీక్ష) మూడు వారాలే ఉంది. కేసు రిపోర్టు ఇచ్చేశాను. థియరీలన్నీ మళ్లీ చదవాలా? అక్కడ మెదడు ఖాళీ అయిపోతుందేమోనని భయంగా ఉంది.

అక్కర్లేదండీ. కేసు రిపోర్టు ఇచ్చేశానన్నారు కదా, ఇక పుస్తకాలు పక్కన పెట్టి ఆ రిపోర్టునీ సెషన్ ట్రాన్స్‌క్రిప్టునీ (క్లయింట్‌తో జరిగిన సంభాషణ రాతప్రతి) ముందేసుకోండి. కౌన్సెలింగ్ సైకాలజీ ఓరల్‌లో కమిటీ ఎక్కువగా తవ్వేది ఒక్కచోటే: ఆ క్లయింట్‌తో, ఆ నిమిషంలో, ఆ మాటే ఎందుకన్నారు?

చాలామంది తడబడేది థియరీకీ చేసిన పనికీ పొంతన కుదరక. రిపోర్టులోనేమో తండ్రితో ఉన్న బంధమే ఇప్పటి సంబంధాల్లోనూ పునరావృతమవుతోందని సైకోడైనమిక్ విశ్లేషణ. ట్రాన్స్‌క్రిప్టు తిరగేస్తే నాలుగో సెషన్ నుంచీ సీబీటీ (ఆలోచనల తీరు మార్చే చికిత్స) థాట్ రికార్డులు, అంటే ఆలోచనలు రాసుకునే పట్టికలు. అడిగితే వచ్చే జవాబు: ‘నాది ఇంటిగ్రేటివ్ అప్రోచ్’ (వేర్వేరు పద్ధతులు కలిపి వాడటం). ఆ మాట మిమ్మల్ని కాపాడదు. పైగా వెంటనే మూడు ప్రశ్నలు తెస్తుంది. రెండింట్లో ప్రధానమైనది ఏది? ఏం చూసి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారారు? పని చేయడం లేదని దేన్నిబట్టి తెలుసుకునేవారు? వీటికి జవాబు లేకపోతే ఒకే థియరీకి కట్టుబడి మాట్లాడటం నయం.

దీనికి మంచి కసరత్తు ఒకటుంది. ట్రాన్స్‌క్రిప్టులో మీరన్న మాటల్లోంచి పది ఎంచుకోండి. ఒక్కోదాని పక్కన మూడు ముక్కలు రాయండి: అంతకుముందు క్లయింట్ నోట ఏం విన్నారు, ఏ ఉద్దేశంతో ఆ మాటన్నారు, తర్వాత ఏం జరిగింది. బాగా రానివి కనీసం మూడు ఉండాలి. ఇప్పుడైతే ఏమనేవారో కూడా రాసుకోండి. తప్పే లేని సెషన్ తెచ్చినవాళ్లను చూస్తే కమిటీకి అనుమానమే ఎక్కువ.

డయాగ్నోసిస్ దగ్గర లక్షణాలు అప్పజెప్పడం సరిపోదు. మేజర్ డిప్రెషన్‌కి రెండు వారాల పాటు 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలని, వాటిలో దిగులు గానీ ఆసక్తి పోవడం గానీ తప్పనిసరని అందరూ చెబుతారు. అసలు ప్రశ్న ఆ తర్వాతది: గతంలో మేనియా (అతి ఉత్సాహపు దశ), హైపోమేనియా (దాని తేలిక రూపం) ఉన్నాయేమో అడిగారా? అడగకుండా బైపోలార్‌ని (దిగులు, అతి ఉత్సాహం దశలుగా వచ్చే జబ్బు) ఎలా పక్కన పెట్టారు? థైరాయిడ్, మందులు, మద్యం సంగతేంటి? పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రతని కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం) వాడి ఉంటే మొత్తం స్కోరు ఒక్కటే చూపించకండి. 17 నుంచి 9కి తగ్గినా, ఆత్మహత్య ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకి ఇంకా 1 (కొన్ని రోజులు అలా అనిపించిందని) ఉంటే ప్రశ్నలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఎథిక్స్‌లో 1976 నాటి టారాసాఫ్ తీర్పు పేరు చెప్పి ఆగిపోవడం మామూలు పొరపాటు. క్లయింట్ వల్ల ఎవరికైనా ప్రమాదం ఉంటే ఆ మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకి ఉందని చెప్పిన ఆ తీర్పు కాలిఫోర్నియా సుప్రీంకోర్టుది. మీరు పనిచేసే చోట చట్టం ఏమంటుందో చెప్పాలి. ఆ తర్వాత మీరేం చేస్తారో వరసగా చెప్పాలి: ఉద్దేశం, పథకం, సాధనం, ఫలానా మనిషి అని ఎవరైనా ఉన్నారా అని అడగడం, సూపర్‌వైజర్‌తో మాట్లాడటం, తీసుకున్న నిర్ణయాన్నీ కారణాన్నీ నోట్‌లో రాయడం.

మెదడు ఖాళీ అయిపోతుందన్న భయం గురించి రాశారు. ప్రశ్నని మీ మాటల్లో తిరిగి చెప్పి, ‘ఒక్క క్షణం ఆలోచించుకుంటాను’ అనండి, ఎవరూ తప్పుపట్టరు. తెలియకపోతే తెలియదని చెప్పి, ఆ సంగతి ఎలా తేల్చుకుంటారో చెప్పండి. బుకాయిస్తే మాత్రం తర్వాతి ప్రశ్న కచ్చితంగా అందులోంచే వస్తుంది. మాక్ (నమూనా పరీక్ష) రెండుసార్లు పెట్టించుకోండి, ఒకటి మీ థియరీ అంటే పడనివాళ్లతో.

మీ కోర్సు హ్యాండ్‌బుక్‌లో రూబ్రిక్ (దేన్ని ఎలా అంచనా వేస్తారో చెప్పే పట్టిక) తప్పక చూడండి. ఒక్క విభాగం పోతే అదొక్కటే మళ్లీ పెడతారా, మొత్తమా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఇవాళే చూసుకోవాల్సింది ఇంకొకటి: క్లయింట్ సంతకం చేసిన అనుమతి పత్రంలో రికార్డింగ్‌ని సూపర్‌విజన్‌కి మాత్రమే ఒప్పుకున్నారా, పరీక్షకి కూడానా? సూపర్‌విజన్‌కి మాత్రమే అయితే వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పండి. ట్రాన్స్‌క్రిప్టులో పేర్లు మార్చినా ఫైలు పేరులో అసలు పేరు మిగిలిపోతుంటుంది, అది కూడా చూడండి.