నాన్న మగ్గం దగ్గర, నేను ట్యాబ్‌తో... రోజూ గొడవే!

ప్రశ్న: మాది పోచంపల్లి దగ్గర ఊరు. నాన్న ఇక్కత్ చీరలు నేస్తారు. నాకు ఇంటర్ అయిపోయింది. ట్యాబ్‌లో డిజైన్లు వేస్తుంటాను, డిజిటల్ డిజైన్ చదవాలని ఉంది. ‘చిటికి కట్టడం (నేయకముందే, రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టడం) రాకుండా వేసేది డిజైనే కాదు’ అని నాన్న కోప్పడతారు. మధ్యలో అమ్మ నలిగిపోతోంది. ఏం చేయాలి?
- ఓ సోదరి

జవాబు: మీ నాన్నగారు కోపంగా అన్నా, ఆ మాటలో నిజముందమ్మా. ట్యాబ్‌లో వంపు ఎంత నున్నగా గీసినా ఇక్కత్‌లో అది మెట్లు మెట్లుగానే వస్తుంది. గ్రాఫ్ కాగితం మీద ఒక్కో గడి కొన్ని పోగుల కట్ట. రబ్బరు ఎక్కడ బిగించాలి, ఏ రంగు ముందు అద్దాలి, ఎప్పుడు విప్పి మళ్లీ కట్టాలి అన్నది చేత్తో చేస్తేనే పట్టుబడుతుంది. ఇంకో రంగు కలపడం మీకు తెర మీద క్షణం పని, ఆయనకు మళ్లీ కట్టి మళ్లీ అద్దే పని. పైగా ఇక్కత్‌లా కనిపించే ప్రింటు చీరలు చవగ్గా అమ్ముడుపోవడం ఆయన రోజూ చూస్తున్నారు. కూతురు వేసే బొమ్మ కూడా అటే పోతుందేమోనని ఆయన టెన్షన్ కావచ్చు.

అలాగని ట్యాబ్ వదిలేయమనను. చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారు, ఆసు పోసి పోసి (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి తిప్పి) చేయి నొప్పితో బాధపడే తల్లిని చూసే ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసులో చేయి ఎలా తిరుగుతుందో ఇంట్లోనే చూశారు కాబట్టే ఆ యంత్రం కుదిరింది. మీకూ ఆ అవకాశం ఇంట్లోనే ఉంది.

కొన్నాళ్లు చదువు మాట ఎత్తకండి. మీ డిజైన్లలో రెండు రంగులున్న చిన్నదాన్ని తీసుకెళ్లి, ‘ఇది నేయొచ్చా నాన్నా?’ అని అడగండి. ఆయన వద్దన్నచోట మార్చండి. చిటికి మీరే కట్టండి. అమ్మకు ఆ పని వచ్చి ఉంటే ఆమె దగ్గరే నేర్చుకోండి, నాన్న దగ్గరకు రాయబారం మాత్రం పంపకండి.

చదువుకు రెండు దారులున్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్)లో టెక్స్‌టైల్ డిజైన్ నాలుగేళ్ల కోర్సు, ప్రవేశ పరీక్ష రాయాలి, ఖర్చు ఎక్కువే. చేనేత సాంకేతిక సంస్థల్లో మూడేళ్ల డిప్లొమా ఉంది. మీ ఇంటి పనికి నాకు ఇదే దగ్గరగా అనిపిస్తోంది.

ఒకవేళ మీ మనసు చీర మీద కాకుండా యానిమేషన్ లాంటి వాటి మీద ఉంటే, ఆ సంగతి నాన్నకు ముందే చెప్పేయండి. మగ్గం పేరు చెప్పి ఒప్పించి తర్వాత దారి మార్చుకుంటే ఆయన ఎక్కువ బాధపడతారు.