హైవే హోరు మీద అర్జీ రాసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విజయవాడ హైవే హోరు మీద మీ కాలనీ వాళ్లు అర్జీ పెడుతున్నారని, రాసే పని నీ మీద పడిందని మీ అమ్మ చెప్పింది. ‘గోల భరించలేకపోతున్నాం, నిద్ర పట్టడం లేదు’ అని మాత్రం రాసి ఊరుకోకు. నిజమే అయినా, ఎవరు ఏం చెయ్యాలో అందులో లేకపోతే ఆ కాగితం అక్కడే ఆగిపోతుంది.

ముందు మూడు రాత్రులు డాబా మీద కూర్చుని, 11 నుంచి 5 దాకా అరగంటకోసారి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇద్దరిద్దరు వంతులు వేసుకుంటే కష్టమనిపించదు. వినిపించేది ఒకటే హోరు కాదు. టైర్ల రొద ఎడతెగకుండా ఉంటుంది. హారన్ ఉన్నట్టుండి గుండె అదరగొడుతుంది. ఖాళీ టిప్పర్ గుంతలో పడ్డప్పుడు వెనక తలుపు దడదడలాడుతుంది. మనిషిని నిద్రలోంచి లేపేవి ఎక్కువగా ఈ చివరి రెండే. తక్కువ ఖర్చుతో తగ్గేవీ అవే.

గుంత, వంతెన జాయింట్, మందంగా వేసిన తెల్ల అడ్డగీతలు, యూటర్న్ ఎక్కడున్నాయో పక్కనున్న కిలోమీటరు రాయి నంబరుతో సహా రాయి, పగటిపూట ఫొటో తీయి. గుంతల సంగతి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకో. అదే వివరం జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వు. అడ్డగీతలు తీసెయ్యమని మాత్రం అడగొద్దు. అవి ప్రాణాలు కాపాడటానికి వేసినవి. ఇళ్లకు దూరంగా జరపగలరేమో చూడమని అడుగు.

హారన్ల సంగతి ట్రాఫిక్ పోలీసులది, రవాణా శాఖది. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. అనవసరంగా కొడితే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ కింద మొదటిసారి 1,000, మళ్లీ దొరికితే 2,000 రూపాయల జరిమానా. మీ నోట్‌బుక్ చూపించి, హారన్లు ఎక్కువగా మోగే గంటల్లోనే తనిఖీ పెట్టమని అడగండి. దగ్గర్లో బడి గానీ ఆసుపత్రి గానీ ఉంటే దాని చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలం సంగతి కూడా రాయి.

ఇక కొలతలు. శబ్దాన్ని కొలిచేది డెసిబెల్స్‌లో. నివాస ప్రాంతానికి పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. దానికి 10 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ మించితే అధికారికి ఫిర్యాదు చేసే హక్కు ఉంది. మీ స్థలం వాణిజ్య ప్రాంతం కింద నమోదై ఉంటే పరిమితి 65, 55 అవుతుంది, కాబట్టి అది ముందు తేల్చుకో. ఫోన్ యాప్ ఏ గదిలో ఎక్కువుందో పోల్చుకోవడానికి పనికొస్తుంది, సాక్ష్యంగా నిలబడదు. సరిగ్గా కొలుస్తోందని పరీక్షించి ఇచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న మీటరుతో కొలిపించండి, లేదా కాలుష్య నియంత్రణ మండలినే వచ్చి కొలవమని అడగండి. మీటరు మైకు నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, గోడలకు కనీసం 3.5 మీటర్ల దూరంలో ఉండాలి. గోడ పక్కనే పెడితే తిరిగొచ్చే శబ్దం కలిసి అంకె పెరుగుతుంది, అవతలివాళ్లు మొత్తం నివేదికనే కొట్టిపారేస్తారు.

రోడ్డు విస్తరణకు పర్యావరణ అనుమతి తీసుకుని ఉంటే, ఆ షరతుల కాపీ, ఆరు నెలలకోసారి ఇచ్చే అమలు నివేదికలు సమాచార హక్కు కింద అడుగు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. శబ్దం అడ్డుకునే గోడ షరతుల్లో ఉండి కట్టకపోతే, మీ అర్జీకి అంతకన్నా బలం లేదు. ‘హైవేల మీద అలాంటివి కట్టరు’ అంటే పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర 44వ జాతీయ రహదారి మీద జంతువుల కోసం కట్టిన శబ్ద నిరోధకాలను గుర్తుచెయ్యి.

గోడ కట్టేటప్పుడు చాలామంది పొరపడేది పొడవు దగ్గర. ఇల్లు గోడకు 40 అడుగుల వెనక ఉంటే, గోడ ఇంటికి అటు 160, ఇటు 160 అడుగులు సాగాలి. లేకపోతే శబ్దం కొసల నుంచి చుట్టుకుని వస్తుంది. కిటికీలోంచి చూస్తే లారీ కనబడనంత ఎత్తు ఉంటే సుమారు 5 డెసిబెల్స్ తగ్గుతాయి, ఆపైన ప్రతి మీటరుకూ మరో 1.5 దాకా. శబ్దం ఆపడానికి రెండువైపులా ప్లాస్టరింగ్ చేసిన ఇటుక గోడ బరువు చాలు. రేకులు పనికిరావు. మధ్యలో ఊచల గేటు పెడితే ఆ ఖర్చంతా గేటులోంచి పోయినట్టే. పై అంతస్తుల వాళ్లకు గోడ పెద్దగా ఉపయోగపడదని ముందే చెప్పండి, తర్వాత చందాల దగ్గర గొడవలొస్తాయి. ఒక వరస చెట్లు నాటితే కంటికి హాయిగా ఉంటుంది గానీ శబ్దం తగ్గదు.

ఈలోగా పడకగది ఒక్కటైనా సరిచేసుకోండి. ఫ్యాను ఆపి, కిటికీ మూసి, అంచుల వెంట వెలిగించిన అగరుబత్తి నెమ్మదిగా తిప్పితే, పొగ వణికిన చోటల్లా గాలితో పాటు శబ్దమూ వస్తున్నట్టే. స్లైడింగ్ కిటికీల్లో పట్టాల దగ్గర, రెండు తలుపులు కలిసే చోట ఎక్కువగా వణుకుతుంది. వాటికంటే అంచున రబ్బరు పట్టీ (గాస్కెట్)తో బిగుసుకునే రెక్కల కిటికీ మేలు. పాతది ఉంచి, లోపల 4 అంగుళాల ఎడంతో వేరే మందం అద్దంతో రెండో కిటికీ పెడితే ఇంకా బాగుంటుంది. వెంటిలేటర్ వదిలేస్తే మాత్రం ఇంత చేసీ ఫలితం కనబడదు. కానీ గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్ వెంటిలేటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు. విషవాయువు లోపలే నిలిచి ప్రాణం తీస్తుంది. ఇది కాలనీలో ఇంటింటికీ చెప్పు.

మూడు రాత్రులు అయ్యాక నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపు. అవి చూసుకుంటూ అర్జీ ఇద్దరం కలిసి రాద్దాం.

మీ మామయ్య